ఇంగ్లండు ప్రైజ్ బాండ్లు: ఎవరికి లాభం, ఎవరికి ఉత్త ఆశ

గుంటూరు బ్రాడీపేటలో పన్ను రిటర్నులు వేసే ఆఫీసు నాది. జులై వచ్చిందంటే పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు ఒకరి వెంట ఒకరు వస్తారు. రిటర్ను పని అయ్యాక, లేవబోతూ అసలు మాట అడుగుతారు. "మావాడు లండన్‌లో ప్రీమియం బాండ్లు కొన్నాడంటండీ. వడ్డీ ఇవ్వరంట, నెలనెలా డ్రా తీస్తారంట. డబ్బు పోదు కదా? మంచిదైతే మేమూ ఓ నాలుగు లక్షలు పెడదామనుకుంటున్నాం."

ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. డబ్బు పోదు. మంచిదా కాదా అన్నది మీవాడి జీతాన్ని బట్టి, పెట్టిన మొత్తాన్ని బట్టి, ఇక్కడ బ్యాంకులో ఇంకా తీరని చదువు లోనును బట్టి ఉంటుంది. మీరు మాత్రం ఇక్కణ్ణుంచి కొనే ఆలోచన పెట్టుకోవద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

అసలు ఇదేం బాండు

ప్రీమియం బాండ్లు అమ్మేది బ్రిటన్ ప్రభుత్వ పొదుపు సంస్థ ఎన్‌ఎస్‌అండ్‌ఐ. మన పోస్టాఫీసు పథకాలకు కేంద్రం హామీ ఉన్నట్టే దీనికి అక్కడి ఖజానా హామీ ఉంది. బాండు ఒక్కోటి ఒక పౌండు, ఒక్కోదానికి ఒక నంబరు. కనీసం 25 పౌండ్లు పెట్టాలి, మనిషికి 50,000 దాటకూడదు. మామూలు డిపాజిట్ అయితే అందరికీ తలా కాస్త వడ్డీ పడుతుంది. ఇక్కడ ఆ వడ్డీ అంతా ఒకచోట చేర్చి, నెలకోసారి డ్రా తీసి, నంబరు తగిలినవాళ్ళకే బహుమతిగా ఇస్తారు. చిన్న బహుమతి 25 పౌండ్లు, పెద్దది పది లక్షల పౌండ్లు. ఆ పెద్దవి నెలకు రెండే. నంబరు తగలకపోయినా అసలు చెక్కు చెదరదు, వచ్చే నెల డ్రాలో అదే నంబరు మళ్ళీ ఉంటుంది. అవసరం పడితే అమ్మేసి అసలు మొత్తం వెనక్కి తెచ్చుకోవచ్చు. లాటరీ టిక్కెట్టుకీ దీనికీ తేడా అక్కడే ఉంది. డ్రా అయిపోయాక టిక్కెట్టు చిత్తుకాగితం, బాండు కాదు.

1956 బడ్జెట్లో అప్పటి ఆర్థికమంత్రి హెరాల్డ్ మాక్‌మిలన్ దీన్ని ప్రకటించినప్పుడు, ప్రతిపక్షం నుంచి హెరాల్డ్ విల్సన్ ఇదో దిగజారుడు లాటరీ అని ఎద్దేవా చేశాడు. మొదటి డ్రా 1957 జూన్‌లో తీశారు. నంబర్లు తీసే యంత్రానికి ఎర్నీ అని పేరు పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు విప్పడానికి కొలోసస్ యంత్రాన్ని కట్టిన ఇంజనీర్లలో కొందరే మొదటి ఎర్నీని కూడా కట్టారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 1960లలో ప్రైజ్ బాండ్లు అమ్మి, తర్వాత మానేసింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో ఇప్పటికీ నడుస్తున్నాయి. కాబట్టి ఇది మోసమేమో అన్న అనుమానం అక్కర్లేదు. లాభమా కాదా అన్నదే చూడాలి.

3.6 శాతం ఎవరికి వస్తుంది

2025 ఆగస్టు డ్రాకు ప్రకటించిన రేటు 3.6 శాతం. ఒక్కో బాండుకు నెలకు గెలిచే అవకాశం అప్పుడు 22,000లో ఒకటి. ఈ అంకెలు కదులుతుంటాయి; 2023 సెప్టెంబరులో రేటు 4.65 శాతం ఉండేది, అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా దిగింది. కొనే రోజున ఎంతుందో చూసుకుని, నేను చెప్పే లెక్కను ఆ అంకెలతో మళ్ళీ వేసుకోండి.

తెనాలి నుంచి వచ్చే ఒక రిటైర్డు లెక్కల మాస్టారికి ఇది చెప్పడం తేలికైంది. వాళ్ళ అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది, వెయ్యి పౌండ్లకు బాండ్లు కొంది. ఏడాదైనా ఒక్కటీ తగల్లేదు.

"3.6 శాతం అన్నారు కదండీ, 36 పౌండ్లన్నా రావాలి గదా?" అన్నారాయన.

"అది అందరికీ కలిపి సగటు మాస్టారూ. మీ అమ్మాయికి అంత వస్తుందని కాదు."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఆటో రశీదు వెనక తనే లెక్క మొదలుపెట్టారు. వెయ్యి బాండ్లు, పన్నెండు డ్రాలు, అంటే ఏడాదికి 12,000 అవకాశాలు. దాన్ని 22,000తో భాగిస్తే ఒకటి కూడా కాదు, సగం చిల్లర. వెయ్యి పౌండ్లు పెట్టిన వందమందిని వరసగా నిలబెడితే, అందులో సుమారు 58 మందికి ఏడాదంతా ఏమీ రాదు. మూడేళ్ళు ఓపిక పట్టినా, ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి సున్నాయే. వంద పౌండ్లే పెట్టినవాడి సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటివాళ్ళు నూటికి 94, 95 మంది ఏడాది చివర ఉత్త చేతులతోనే ఉంటారు.

"మరి ఆ సొమ్మంతా ఎవరికి పోతున్నట్టు?" అని ఆయన అడిగారు. బహుమతుల్లో ఎక్కువ భాగం 25, 50, 100 పౌండ్లవే. కానీ సగటు బహుమతి లెక్కగడితే 66 పౌండ్లు వస్తుంది. పైన వేలల్లో, లక్షల్లో తీసుకుపోయే కొద్దిమంది ఆ సగటును ఎగదోస్తారు. అంటే మధ్యరకం అదృష్టం ఉన్నవాడికి ప్రకటించిన రేటుకన్నా కాస్త తక్కువే చేతికొస్తుంది. పెట్టింది చిన్న మొత్తమైతే చాలా తక్కువ.

మొత్తం పెరిగితే కథ మారుతుంది. పదివేల పౌండ్లు పెట్టినవాడికి ఏడాదికి సగటున ఐదారు సార్లు తగులుతుంది. 50,000 పెట్టినవాడికి 27 సార్లు. వాడికి ఇది ఇంచుమించు వడ్డీ లాగే నెలనెలా పడుతుంటుంది, డ్రా అన్న సంగతి కూడా మరిచిపోతాడు. ఇక పది లక్షల పౌండ్ల ఆశ ఉందే, దాన్నీ ఒకసారి లెక్కేసి వదిలేద్దాం. చలామణిలో ఉన్న బాండ్లు 12,000 కోట్లకు పైనే. నెలకు రెండే పెద్ద బహుమతులు. వెయ్యి బాండ్లున్నవాడికి ఒక నెలలో అది తగిలే అవకాశం ఆరు కోట్లలో ఒకటి కూడా లేదు. మాస్టారు అక్కడ పెన్ను మూత పెట్టేశారు.

అక్కడే ఉన్న వేరే దారులు

ఇంగ్లండులో ఉన్నవాళ్ళు దీన్ని పోల్చవలసింది ముందు అక్కడి మామూలు పొదుపు ఖాతాతో, క్యాష్ ఐసాతో. ఐసా అంటే పన్ను లేని పొదుపు ఖాతా. ఏడాదికి మొత్తం 20,000 పౌండ్ల వరకు వేసుకోవచ్చు. 2027 ఏప్రిల్ నుంచి 65 ఏళ్ళలోపు వాళ్ళు అందులో నగదుగా 12,000కు మించి పెట్టడానికి లేదు.

చాలామంది మనవాళ్ళు బాండ్ల గొప్పగా చెప్పేది ఒకటే: "బహుమతి మీద పన్ను లేదు." నిజమే. కానీ మామూలు వడ్డీ మీద వాళ్ళు అసలు పన్ను కడుతున్నారా అన్నది ఎవరూ చూసుకోరు. 20 శాతం పన్ను శ్లాబులో ఉన్న మనిషికి ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ దాకా పన్ను పడదు. నాలుగు శాతం ఇచ్చే ఖాతా అనుకుంటే, 25,000 పౌండ్లు దాచినా పన్ను లేనట్టే. కొత్తగా ఉద్యోగంలో చేరి, మూడు నాలుగు వేల పౌండ్లు వెనకేసుకున్న కుర్రాడికి పన్ను మినహాయింపు పేరు చెప్పి బాండ్లు అంటగట్టడం అర్థం లేని పని. వడ్డీ ఖాతాలో పెడితే నాలుగు వేలకు 160 పౌండ్లు ఖాయంగా వస్తాయి. బాండ్లలో ఎంత వస్తుందో దేవుడికే ఎరుక.

40 శాతం శ్లాబు వేరు. ఇంగ్లండులో అది 50,270 పౌండ్ల ఆదాయం దాటాక మొదలవుతుంది. అక్కడ పన్ను లేని వడ్డీ 500 పౌండ్లే. అదే నాలుగు శాతం లెక్కన 12,500 పౌండ్లతో అయిపోతుంది. 1,25,140 దాటి 45 శాతం కట్టేవాళ్ళకు ఒక్క పౌండు వడ్డీకీ మినహాయింపు లేదు. వీళ్ళకు పన్ను లేని 3.6 శాతం అంటే, 40 శాతం శ్లాబులో 6 శాతం, 45 శాతం శ్లాబులో ఆరున్నర శాతం వడ్డీతో సమానం. అంత ఇచ్చే సురక్షితమైన మామూలు ఖాతా అక్కడ దొరకదు. డాక్టర్లుగా, ఐటీలో పెద్ద స్థాయిలో ఉన్నవాళ్ళు ఐసా నింపేశాక, ఇంటికి డౌన్ పేమెంటు కోసమో, అత్యవసరానికో ఇరవై ముప్ఫై వేల పౌండ్లు చేతికందేలా ఉంచుకోవాలనుకుంటే, బాండ్లు మంచి చోటు. నేను నిస్సంకోచంగా పెట్టమనేది వీళ్ళనే.

ఇంకో రకం మనుషులు కూడా ఉన్నారు. వారం వారం లాటరీ టిక్కెట్లు కొనే అలవాటున్నవాళ్ళు. ఎంత చెప్పినా ఆశ చావదు. ఆ డబ్బే బాండ్లలో వేస్తే సరదా తీరుతుంది, అసలూ మిగులుతుంది.

చదువుకుంటున్న పిల్లలు

ఇక్కడ మాత్రం నేను కాస్త గట్టిగానే చెబుతాను. మన గుంటూరు, విజయవాడల నుంచి మాస్టర్స్‌కి వెళ్ళిన పిల్లల్లో చాలామంది మీద చదువు లోను ఉంటుంది. కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అలా కష్టపడి మిగిల్చిన ఐదొందల పౌండ్లు తీసుకెళ్ళి బాండ్లలో పెడితే, ఏడాదిలో ఏమీ రాకపోయే అవకాశం నాలుగింట మూడు వంతులు. ఇక్కడ లోను మీద పది శాతం వడ్డీ ఉందనుకోండి, ఆ ఐదొందలు లోనుకి కట్టి ఉంటే ఏడాదికి 50 పౌండ్ల వడ్డీ కచ్చితంగా తప్పేది. దాని మీదా పన్ను లేదు, డ్రా కూడా లేదు.

"చదువు అయిపోయేదాకా కట్టక్కర్లేదన్నారండీ" అంటారు. కట్టక్కర్లేదంటే వడ్డీ ఆగినట్టు కాదు. వాయిదా వేసిన ఆ రోజుల్లోనూ వడ్డీ లెక్క పడుతూనే ఉంటుంది. ఇంటి స్థలమో, అమ్మ నగలో బ్యాంకులో పెట్టి తెచ్చిన లోనైతే మరీను. రెండు మూడు నెలల అద్దె, తిండి ఖర్చుకు సరిపడా మామూలు ఖాతాలో ఉంచుకుని మిగతాది ఇటు పంపడమే తెలివైన పని.

డబ్బు ఇటు పంపి ఫిక్స్‌డ్ చేస్తే

లోను లేనివాళ్ళు వెంటనే అడిగే ప్రశ్న ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ గురించి, అంటే విదేశంలో ఉన్న మనవాళ్ళు ఇక్కడి బ్యాంకులో రూపాయల్లో వేసే డిపాజిట్. ఇండియాలో దాని వడ్డీ మీద పన్ను లేదు, అసలూ వడ్డీ రెండూ తిరిగి తీసుకెళ్ళొచ్చు. కనీసం ఏడాది ఉంచాలి, ముందే తీస్తే వడ్డీ ఇవ్వరు. వినడానికి బాండ్లకన్నా ఎంతో నయం. కానీ రెండు మెలికలున్నాయి.

ఒకటి, ఇక్కడ పన్ను లేదు గానీ అక్కడ నివాసి అయినవాడి ప్రపంచ ఆదాయం మొత్తం బ్రిటన్ పన్ను లెక్కలోకి వస్తుంది, ఈ వడ్డీతో సహా. 2025 ఏప్రిల్ నుంచి, అంతకుముందు పదేళ్ళు బ్రిటన్ నివాసి కాకుండా ఉండి కొత్తగా వెళ్ళినవాళ్ళు మొదటి నాలుగేళ్ళు విదేశీ ఆదాయానికి మినహాయింపు కోరుకోవచ్చు. అయితే అది కోరుకున్న ఏడాది జీతంలో పన్ను పడని మొదటి 12,570 పౌండ్ల సౌకర్యం వదులుకోవాలి. ఓ రెండు లక్షల డిపాజిట్ వడ్డీ కోసం అది వదులుకుంటే, ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే.

రెండోది మారకం. రూపాయి పడితే, తిరిగి పౌండ్లలోకి మార్చుకునేటప్పుడు వడ్డీ లాభం కరిగిపోతుంది. నా సలహా సూటిగా ఉంటుంది: ఆ డబ్బు చివరికి ఎక్కడ ఖర్చవుతుందో చూడండి. నాన్నగారి ఆపరేషన్‌కో, అమరావతిలో ప్లాటుకో అయితే రూపాయల్లో పెట్టండి. అక్కడే ఇల్లు కొనాలంటే పౌండ్లలో ఉంచండి. రెండూ తేల్చుకోలేనివాళ్ళకు పౌండ్లలోనే ఉండే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ ఉంది, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా. మన జిల్లాల్లో మిగులు డబ్బంటే అందరి చూపూ ముందు స్థలం మీదికే పోతుంది. కానీ అర్ధరాత్రి ఆస్పత్రిలో అడ్వాన్సు కట్టమంటే ప్లాటు అక్కరకు రాదు.

ఇక్కడున్న మీ నాలుగు లక్షలు

ఇక మొదటి ప్రశ్నలోని నాలుగు లక్షలు. బాండ్లు కొనాలంటే బ్రిటన్ బ్యాంకు ఖాతా కావాలి, అది మీకు లేదు. అంతకుమించి, ఇక్కడి నివాసులు లాటరీ టిక్కెట్లకు, స్వీప్‌స్టేక్ లాంటి పందేలకు విదేశాలకు డబ్బు పంపడాన్ని విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనలు నిషేధించాయి. ప్రైజ్ బాండు సరిగ్గా ఆ గీతకు అటా ఇటా అని వాదించుకునే స్థితి తెచ్చుకోవడం దేనికి?

పైగా అవసరం కూడా లేదు. 2025-26లో పోస్టాఫీసు ఐదేళ్ళ టైమ్ డిపాజిట్ 7.5 శాతం ఇచ్చింది, జాతీయ పొదుపు పత్రం (ఎన్‌ఎస్‌సీ) 7.7. అరవై దాటినవాళ్ళకు సీనియర్ సిటిజన్ పథకంలో 8.2 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ, 30 లక్షల దాకా పెట్టొచ్చు. బ్యాంకులో అయితే ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల వరకే బీమా ఉందన్నది గుర్తుంచుకుని వేర్వేరు చోట్ల వేయండి. 3.6 శాతం సగటు కోసం, అది కూడా వస్తుందో రాదో తెలియని దాని కోసం వీటిని వదులుకోవడం దండగ.

"మరి నోటు రాయించుకుని రెండు రూపాయల వడ్డీకి ఇస్తే నెలకు నూటికి రెండు వస్తుంది గదండీ" అని ఒకరన్నా అనకుండా ఉండరు. ఏడాదికి 24 శాతం. వచ్చినన్నాళ్ళు వస్తుంది. మూడేళ్ళు దాటితే నోటుకి కాలదోషం పడుతుంది, ఆ లోపు కోర్టుకెళ్ళాలంటే మొహమాటం, ఎందుకంటే తీసుకున్నవాడు మన బావమరిదో, వియ్యంకుడి తమ్ముడో అయి ఉంటాడు. చీటీ పాట దానికన్నా మేలు, రిజిస్టరైన చిట్ అయితేనే. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నడిచేవాటిలో చీటీ నడిపే ఫోర్‌మన్ కమిషన్ ఏడు శాతం మించకూడదు. ఎప్పుడో అవసరం పడి ముందే పాడుకునేవాడికి చీటీ పనికొస్తుంది గానీ, చివరిదాకా ఆగే పొదుపరికి పోస్టాఫీసు కన్నా పెద్దగా ఒరిగేది ఉండదు.

ఒక్కదాని దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంగ్లండు బాండ్ల మాట విన్నవాళ్ళు ఇక్కడి లక్కీ డ్రా స్కీములను కూడా అదే కోవలో వేసుకుంటున్నారు. నెలకు వెయ్యి కట్టు, డ్రాలో పేరు వస్తే స్కూటీ, అక్కడితో కట్టడం ఆపెయ్యొచ్చు, రాకపోతే చివర్లో సామాను ఇస్తాం అనే రకం. 1978లో వచ్చిన ప్రైజ్ చిట్స్ నిషేధ చట్టం ఆపమన్నది సరిగ్గా ఈ రకం స్కీములనే. ముందు తగిలినవాడికి ఇచ్చేది వెనకున్నవాళ్ళ అసల్లోంచే. అక్కడ పంచేది వడ్డీని, ఇక్కడ పంచేది మీ అసలుని. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ చేతులెత్తేశాక ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో చూసిన ఊళ్ళు మనవి. అది డ్రా స్కీము కాదు గానీ, డిపాజిట్ తీసుకునేవాడి వెనక ఎవరున్నారో అడక్కపోతే ఏమవుతుందో చూపించింది.

ఇప్పటికే కొన్నవాళ్ళకు

బాండు కొన్న నెల కాక, ఆ తర్వాత ఒక నిండు నెల గడిచాకే డ్రాలోకి వస్తుంది. మార్చి 2న కొన్నా, 30న కొన్నా మే డ్రాకే. అందుకని నెలాఖరులో కొనడం నయం, అప్పటిదాకా డబ్బు వడ్డీ ఖాతాలో ఉంటుంది. అమ్మేటప్పుడు ఆ నెల డ్రా అయ్యాక అమ్మండి.

బహుమతి నేరుగా బ్యాంకు ఖాతాలో పడేలా పెట్టుకోండి. ఎవరూ అడగకుండా పడి ఉన్న బహుమతులు ఇరవై లక్షలకు పైనే ఉన్నాయి, అడ్రసులు మారినవాళ్ళవి చాలా. మనవాళ్ళు ఏడాదికో ఇల్లు మారతారు కాబట్టి ఇది మనకు మరీ అవసరం. అడగడానికి గడువేమీ లేదు, పాతవి ఉన్నాయేమో ఇప్పుడైనా చూసుకోవచ్చు.

భార్యాభర్తలు జాయింటుగా కొనడం కుదరదు, ఎవరిది వారిదే. మనిషి పోతే ఏడాది వరకు ఆ నంబర్లు డ్రాలోనే ఉంటాయి, తర్వాత ఉండవు. బాండ్లున్నాయన్న సంగతే ఇంట్లో తెలియకపోతే అడిగేవాళ్ళు ఉండరు, హోల్డర్ నంబరు భార్యకో, ఇక్కడ తల్లిదండ్రులకో చెప్పి ఉంచండి.

తిరిగి వచ్చేసేవాళ్ళు అమ్మేసి రావడమే నా మాట. అక్కడ పన్ను లేదు కదా అని ఇక్కడా ఉండదనుకోవద్దు. పూర్తి స్థాయి నివాసి అయ్యాక విదేశంలో వచ్చిన రాబడి కూడా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. ఆ బహుమతిని లాటరీ గెలుపు కింద చూస్తే 30 శాతం, ఏ మినహాయింపూ లేకుండా. డ్రాలో ఏమీ తగలకపోయినా సరే, బాండ్లు ఉన్నంతకాలం రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ కింద విదేశీ ఆస్తిగా చూపాలి. 25 పౌండ్లకు కొన్నదైనా చూపాలి.